మనసు గమ్మునుండాలంటే కూర్చోవడంతో మొదలుపెట్టొద్దు

రాత్రి మూడింటికి మెలకువ వస్తాది. రొయ్యల గుంటల కాడ నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరిగే చప్పుడు వినపడితే కరెంటు బిల్లు గుర్తొస్తాది, వినపడకపోతే ప్రాణం పోయినంత పనవుతాది. మాది ఇందుకూరుపేట మండలం, మైపాడు రోడ్డు వైపు, మూడు గుంటల్లో వనామి రకం రొయ్య వేస్తాం. రొయ్యలు పెంచేవాళ్ళకి ఈ మూడు గంటల భయం కొత్తగా చెప్పక్కర్లేదు. పగలు నీళ్ళలోని పాచి ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తాది, రాత్రయితే అదే పాచి రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడేసుకుంటాది, అందుకని తెల్లారబోయే ముందు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుంటాది, ఆ టైములో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే మూడు నెలల కష్టం రెండు మూడు గంటల్లో పోతాది. కాబట్టి ఆ మెలకువ ఉత్తినే వచ్చింది కాదు, దానికో కారణం ఉంది. కానీ నన్ను నిజంగా భయపెట్టింది ఏందంటే, పంట పట్టేసి, నీళ్ళు తీసేసి, గుంటలు ఎండగట్టిన నెలలో కూడా సరిగ్గా మూడింటికే లేచి కూర్చునేదాన్ని. గుంటలో రొయ్య లేదు, నీళ్ళు లేవు, ఏరియేటర్ గట్టు మీద పడుంది, నా తలకాయలో మాత్రం తిరుగుతానే ఉంది.

అప్పుడు అందరూ చెప్పినట్టే ఫోన్లో ఒక ధ్యానం యాప్ వేసుకున్నా. చాప పరుచుకుని, కాళ్ళు మడిచి, కళ్ళు మూసుకుని ఇరవై నిమిషాలు కూర్చోమంది. కూర్చున్నా. మామూలుగా పని చేసుకుంటా ఉన్నప్పుడు వచ్చే ఆలోచనల కన్నా రెండింతలు వచ్చినయి, మేత బాకీ, పిల్లోడి హాస్టల్ ఫీజు, ఎప్పుడో పెళ్ళిలో ఆడబిడ్డ అన్న మాట, అన్నీ వరసగా. మూడు సార్లు మొదలుపెట్టి మూడు సార్లు మానేశా. నాకు ఇది కుదరదులే, నా మనసే అట్టాంటిది అనుకున్నా. ఇప్పుడు ఇది చదివే వాళ్ళల్లో చాలామంది ఇక్కడే ఆగిపోయి ఉంటారు, ఇదంతా రాస్తా ఉండేది మీ కోసమే.

మా ఊరికి దగ్గర్లో రిటైరైన హిందీ మేడం ఒకావిడ ఉన్నారు, స్కూల్లో పిల్లలకి యోగా కూడా నేర్పేవారు. ఆవిడ దగ్గరికి పోయి నా బాధ చెప్పుకుంటే ఒకటే మాటన్నారు. "యోగానికి ఎనిమిది మెట్లమ్మా. యమ, నియమ, ఆసన, ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణ, ధ్యాన, సమాధి. ధ్యానం ఏడోది. నువ్వు కింద నిలబడి ఏడో మెట్టు మీదకి కాలెత్తితే ఎట్టా తల్లీ?" యోగసూత్రాలు రాసిన పతంజలి ఆ వరస ఊరికే పెట్టలేదు. ఒళ్ళు ముందు, ఊపిరి తర్వాత, కూర్చోవడం ఆ తర్వాత. నేను చెప్పబోయేదంతా ఈ వరస గురించే. ఈ వరసలో పోయినాక నాకు కుదిరింది, ఇప్పుడు మా మేడ మీద తెల్లారి నాతో చేసే ఏడెనిమిది మంది ఆడవాళ్ళకి కూడా కుదిరింది, వాళ్ళల్లో ఒకామెకి అరవై దాటినయి, ఇంకొకామె రెండేళ్ళ బిడ్డ తల్లి.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి, మనసు తిరగడం జబ్బు కాదు. 2010లో హార్వర్డ్ వాళ్ళు ఇద్దరు 2,250 మందికి ఫోన్ల ద్వారా రోజులో ఏదో ఒక టైములో "ఇప్పుడు ఏం చేస్తున్నావు, నీ మనసు ఎక్కడుంది" అని అడిగి చూశారు. దాదాపు 47 శాతం సార్లు మనుషుల మనసు చేసే పని మీద లేదు. అంటే సగం పొద్దు అందరి మనసూ యాడో తిరుగుతా ఉండేదే. గీతలో ఆరో అధ్యాయంలో అర్జునుడు కూడా ఇదే మొరపెట్టుకుంటాడు, ఈ మనసుని పట్టడం గాలిని పట్టినట్టుంది కృష్ణా అని. దానికి కృష్ణుడు నువ్వు సరిగ్గా చెయ్యట్లేదు అని తిట్టడు, నిజమే, సందేహం లేదు, కష్టమే, కానీ అభ్యాసంతో వైరాగ్యంతో లొంగుతాది అంటాడు. అంత వీరుడికే కష్టమని ఒప్పుకున్న పని మనకి మూడు రోజుల్లో రాలేదని ఏడవడం ఎందుకని నాకు చాలా ధైర్యం వచ్చింది ఆ మాట విన్నాక.

సరే, ఒళ్ళు. పొద్దున అయిదింటికి మొదలుపెట్టండి, మన నెల్లూరు వైపు కత్తెర ఎండల్లో ఆరు దాటితే మేడ మీద కాలు పెట్టలేం. కడుపు ఖాళీగా ఉండాలి, మంచినీళ్ళు కాసిని తాగొచ్చు. ఒక చాప చాలు, రేటు పెట్టి మ్యాట్ కొనక్కర్లేదు, కాకపోతే నున్నటి బండల మీద చాప జారకుండా కింద పాత దుప్పటి వేసుకోండి. మొదట నిలబడండి, పాదాలు రెండూ కాస్త ఎడంగా. ఊపిరి తీసుకుంటా చేతులు పైకి, వదుల్తా కిందికి. ఇది ఎనిమిది పది సార్లు. ఇందులో ఒకటే రూలు, చెయ్యి ఊపిరి కన్నా ముందు పరిగెత్తకూడదు, ఊపిరి మొదలైనాక చెయ్యి మొదలవ్వాలి, ఊపిరి అయిపోయినప్పుడు చెయ్యి ఆగాలి. చూడ్డానికి ఎంత ఈజీగా ఉందో, చేసి చూడండి, రెండో సారికే చెయ్యి ముందు పోతాది. చెయ్యీ ఊపిరీ కలపడానికి మనసు అక్కడ ఉండి తీరాలి, వేరే యాడికీ పోలేదు. నాకు మొట్టమొదటిసారి తలకాయలో చప్పుడు తగ్గింది ఇక్కడే, కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు కాదు.

తర్వాత చేతులూ మోకాళ్ళూ నేల మీద పెట్టి పిల్లి మాదిరిగా, ఊపిరి తీసుకుంటా నడుం కిందికి వంచి తల ఎత్తడం, వదుల్తా వీపు పైకి గుండ్రంగా చేసి గడ్డం లోపలికి, దీన్ని మార్జాలాసనం అంటారు, పది సార్లు. మోకాళ్ళ కింద టవల్ మడిచి పెట్టుకోండి. ఆ తర్వాత మడమల మీద కూర్చుని ముందుకి వంగి నుదురు నేలకి ఆనించే శశాంకాసనం, ఒకటి రెండు నిమిషాలు, నుదురు నేలకి అందకపోతే పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి వాటి మీద ఆనించండి. సూర్యనమస్కారాలు వచ్చిన వాళ్ళు నాలుగు చెయ్యండి, పన్నెండు చెయ్యాలని ఎవరూ చెప్పలేదు, నాలుగు నిదానంగా చేస్తే పన్నెండు ఆదరాబాదరాగా చేసినదాని కన్నా మనసుకి మంచిది. మోకాళ్ళు పట్టేసిన వాళ్ళు కుర్చీలో కూర్చునే చేతులు ఎత్తి దించడం, నడుం అటూ ఇటూ తిప్పడం చేసుకోవచ్చు, మా అరవై దాటిన ఆమె అట్టనే చేస్తాది.

చేసేటప్పుడు మధ్యమధ్యలో మూడు చోట్ల చూసుకోండి: దవడ, భుజాలు, కడుపు. దిగులు ఉన్న మనిషికి ఈ మూడూ బిగబట్టి ఉంటాయి, మనకి తెలియను కూడా తెలియదు. పళ్ళు పై వరసా కింద వరసా తగలకుండా నాలుక వదులుగా పెట్టండి, భుజాలు చెవుల దగ్గర నుంచి కిందికి జారనివ్వండి, కడుపు లోపలికి లాక్కోకుండా వదిలెయ్యండి. ఇది చాప మీదే కాదు, బస్సులో, బ్యాంకు క్యూలో, పొయ్యి దగ్గర కూడా చూసుకోవచ్చు.

చివర్లో శవాసనం తప్పకుండా. చాలామంది ఆసనాలు చేసి శవాసనం ఎగ్గొట్టి వంటింట్లోకి పరిగెడతారు, అది అన్నం వండి వార్చకుండా దించినట్టు. వెల్లకిలా పడుకుని కాళ్ళు కాస్త ఎడంగా, అరచేతులు పైకి. కుడికాలు వేళ్ళు గట్టిగా బిగించి వదలండి, పిక్క బిగించి వదలండి, తొడ, తర్వాత ఎడమకాలు, కడుపు, పిడికిళ్ళు, భుజాలు, మొహం మొత్తం ముడిచి వదలండి. ఒక్కసారి బిగిస్తే గానీ ఒంటికి వదలడం అంటే ఏందో గుర్తురాదు. ఆ తర్వాత ఏమీ చెయ్యకుండా అయిదు నిమిషాలు. నిద్ర పట్టేస్తే పట్టనివ్వండి, మొదటి నెల అందరికీ పడతాది, అన్నాళ్ళు నిద్ర బాకీ ఉన్న ఒళ్ళు అది. నడుం నొప్పి ఉన్నోళ్ళు మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి, కాళ్ళు లాగే వాళ్ళు గోడకి కాళ్ళు ఆనించి పడుకోండి, సాయంత్రం పూట గుంటల మీద తిరిగొచ్చినాక మా ఆయన చేసే ఆసనం అదొక్కటే.

ఇంక ఊపిరి. నన్నడిగితే మొత్తంలో అసలైన సరుకు ఇక్కడే ఉంది. ఇప్పుడే ఒక పని చెయ్యండి, ఎడమ చేతి మణికట్టు దగ్గర కుడిచేతి వేళ్ళు పెట్టి నాడి పట్టుకోండి. పట్టుకుని నిదానంగా ఊపిరి తీసుకోండి, ఇంకా నిదానంగా వదలండి. ఊపిరి తీసుకునేటప్పుడు నాడి కొంచెం గబగబా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకోవడం చాలామందికి వేళ్ళకే తెలుస్తాది. మెదడు నుంచి గుండెకీ కడుపుకీ వచ్చే వేగస్ అనే నరం ఒకటి ఉంది, ఊపిరి వదిలేటప్పుడు అది గుండెని నెమ్మదించమంటాది. అంటే వదిలే ఊపిరిని పొడుగు చేస్తే గుండె నెమ్మదిస్తాది. గుండెని నిదానంగా కొట్టుకోమని మనం చెప్తే వినదు, మనసుని గమ్మునుండమంటే అసలే వినదు, ఊపిరి మాత్రం వింటాది. లోపల మన మాట వినేది అదొక్కటే, అందుకని అక్కడ నుంచే పట్టుకోవాలి. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగా పుస్తకంలో 'చలే వాతే చలం చిత్తం' అని ఉంటాది, ఊపిరి కదిలితే మనసు కదులుతాది, అది నిలిస్తే ఇది నిలుస్తాదని.

ఎట్టా చెయ్యాలంటే, నడుం నిటారుగా కూర్చోండి, ఒక చెయ్యి బొడ్డు మీద. ముక్కుతో నాలుగు లెక్కపెడతా తీసుకోండి, కడుపు చేతిని బయటికి నెట్టాలి, ఆరు లెక్కపెడతా ముక్కుతోనే వదలండి. నాలుగూ ఆరూ పది సెకన్లు, నిమిషానికి ఆరు ఊపిర్లు. మామూలుగా ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు పీలుస్తాడు, కాబట్టి ఇది మనకి చాలా నిదానం, మొదట్లో ఊపిరి ఆడనట్టు అనిపించొచ్చు. అనిపిస్తే మూడు తీసుకుని నాలుగు వదలండి, వారం తర్వాత పెంచండి. పోటీ లేదు. వదిలేది తీసుకునేదాని కన్నా పొడుగుండాలి, అంతవరకే. అయిదు నిమిషాలు చాలు.

ఇది కుదిరినాక నాడీశోధన. కుడిచేతి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమ వైపు తీసుకోవడం, ఉంగరం వేలితో ఎడమది మూసి కుడి వైపు వదలడం, మళ్ళీ కుడి వైపే తీసుకుని ఎడమ వైపు వదలడం, ఇది ఒక చుట్టు, అట్టా తొమ్మిది చుట్లు. ఊపిరి బిగబట్టొద్దు. యూట్యూబ్‌లో చూసి బిగబట్టే వాళ్ళు చాలామంది ఉన్నారు, బీపీ ఉన్నోళ్ళూ గుండె జబ్బు ఉన్నోళ్ళూ గర్భంతో ఉన్నోళ్ళూ కుంభకం అంటే ఊపిరి బిగబట్టడం, ఇంకా గబగబా ఊపిరి కొట్టే కపాలభాతి, భస్త్రిక, వీటి జోలికి పోవద్దు. మా పక్కింటి వదిన టీవీ చూసి గబగబా కపాలభాతి కొట్టి కళ్ళు తిరిగి పడబోయింది, ఆమెకి బీపీ మాత్ర నడుస్తా ఉంది. పైగా మనసు ఇప్పటికే పరిగెత్తుతా ఉన్నోళ్ళకి ఇంకా ఉరికించే ప్రాణాయామం ఎందుకు చెప్పండి.

అందరికన్నా మా పిల్లలకి నచ్చేది భ్రామరి. బొటనవేళ్ళతో చెవులు మూసుకుని నోరు మూసి తుమ్మెద మాదిరిగా మ్‌మ్‌మ్ అని ఊపిరి అయిపోయేదాకా. ఏడు సార్లు. ఆ చప్పుడు పుర్రె మొత్తం నిండిపోతాది, ఆలోచనకి జాగా ఉండదు. ముక్కుతో ఇట్టా మూలుగుతా ఊపిరి వదిలితే ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మామూలు కన్నా పదిహేను రెట్లు వస్తాదని స్వీడన్‌లో 2002లో కొలిచి చూపించారు. దానికీ మనసు నెమ్మదికీ లంకె ఉందని నేను చెప్పట్లేదు, మూలిగినందుకు లోపల నిజంగానే ఏదో జరుగుతాదని చెప్తా ఉండా. ఎండాకాలం శీతలి కూడా చేసుకోండి, నాలుక గొట్టం మాదిరి చుట్టి దానిలోంచి గాలి లోపలికి పీల్చి ముక్కుతో వదలడం, మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు అది కాస్త ప్రాణానికి హాయి.

ఒళ్ళూ ఊపిరీ ఒక ఇరవై రోజులు చేసినాక అప్పుడు కూర్చోండి. ఇరవై రోజులు అని శాస్త్రంలో ఏం లేదు, మా మేడ మీద చూసి చెప్తా ఉండా, ఆపాటికి ఒళ్ళు కుదురుగా ఉండటం నేర్చుకుంటాది. ఎట్టా కూర్చోవాలంటే పతంజలి 'స్థిరసుఖమాసనమ్' అన్నాడు, కదలకుండా ఉండాలి, సుఖంగా ఉండాలి, అంతే. పద్మాసనం వెయ్యమనలేదు. ముడ్డి కింద దిండో పీటో ఎత్తుగా పెట్టుకుంటే నడుం దానంతట అదే నిలబడతాది. కుర్చీ అయినా పర్లేదు, పాదాలు నేలకి ఆనితే చాలు.

అయిదు నిమిషాలే పెట్టుకోండి. ఊపిరి ఇప్పుడు లెక్కపెట్టి పొడుగు చెయ్యొద్దు, దాని మానాన దాన్ని వదిలేసి ముక్కు రంధ్రాల దగ్గర గాలి తగిలేది మాత్రం చూడండి, లోపలికి చల్లగా, బయటికి కాస్త వెచ్చగా. గౌతమ బుద్ధుడి కాలం నుంచి వస్తా ఉన్న పద్ధతే ఇది, ఆనాపాన అంటారు. వదిలిన ప్రతి ఊపిరికి ఒకటి, రెండు, మూడు అని పది దాకా, మళ్ళీ ఒకటి నుంచి. నాలుగో లెక్క దగ్గర మనసు జారిపోతాది. ఇది ఖాయం. గుర్తొచ్చినప్పుడు లోపల "ఆలోచన" అని ఒక్క మాట అనుకుని మళ్ళీ ఒకటి దగ్గరికి రండి. తిట్టుకోవద్దు. కొత్తగా కట్టేసిన దూడ పలుపు తెంపుకుని పోతే ఎట్టా తోలుకొస్తాం, కొడితే ఇంకా దూరం పోతాది, మెడ మీద చెయ్యేసి మళ్ళీ కట్టుగుంజ దగ్గరికి తెచ్చినట్టు. అయిదు నిమిషాల్లో ముప్పై సార్లు పోయి ముప్పై సార్లు తీసుకొచ్చారంటే ముప్పై సార్లు చేసినట్టు లెక్క, పాడైపోయినట్టు కాదు. నాకు ఈ ఒక్క ముక్క ముందే ఎవరన్నా చెప్పుంటే మూడు సార్లు మానేసి ఉండేదాన్ని కాదు.

కళ్ళు మూసుకుంటే గుండె దడ ఎక్కువయ్యే వాళ్ళు ఉంటారు, పాత భయాలేవన్నా ఉన్నోళ్ళకి అట్టా అవుతాది. వాళ్ళు కళ్ళు తెరిచే ఉంచి రెండడుగుల ముందు నేల మీదో దీపం మీదో చూపు పెట్టుకోండి. అదీ కాకపోతే నడవండి. నడిచేది కూడా ధ్యానమే. గుంట గట్టు మీద రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్‌ట్రేలు చూడ్డానికి పోయేటప్పుడు నేను వంద అడుగులు ఇట్టా వేస్తా, మడమ ఆనడం, పాదం ఆనడం, వేళ్ళు లేవడం. గట్టు మీద చూసుకోకుండా నడిస్తే ఎట్టాగూ జారతాం. నెల్లూరు టౌన్లో ఉన్నోళ్ళు రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డున సాయంత్రం పూట కూర్చోవచ్చు, ఆదివారం పూట మైపాడు బీచ్‌లో జనం తక్కువ ఉండే వైపు చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసకలో నడవచ్చు. ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం ఉంది. ఒక్క పావుగంట ఫోన్ సంచిలో పెట్టి.

ఇక్కడ మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట గురించి కూడా చెప్పాలి, చేసే పని మీదే మనసు పెట్టి ఉండటం అని దానర్థం. అమెరికాలో జాన్ కబట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో ఎన్నాళ్ళైనా తగ్గని నొప్పులతో వచ్చే పేషెంట్ల కోసం ఒక క్లాసు మొదలుపెట్టాడు, బౌద్ధుల ధ్యానం, హఠయోగం రెండూ కలిపి. అందులో మొదట చేయించేది ఏందో తెలుసా, ఒక్క ఎండుద్రాక్ష చేతికిచ్చి దాన్ని చూసి, వాసన చూసి, నిదానంగా నమిలి తినమనడం. మనం ద్రాక్ష కోసం ఎతుక్కోవక్కర్లేదు, పొద్దున కారం దోసె తినేటప్పుడు మొదటి అయిదు ముద్దలు ఫోన్ చూడకుండా, మాట్లాడకుండా, కారం నాలుక మీద యాడ తగిలింది, నెయ్యి వాసన ఎప్పుడొచ్చింది అని చూసుకుంటా తినండి. ఆరో ముద్ద నుంచి మీ ఇష్టం. ఇట్టాంటి ధ్యానాల మీద జరిగిన 47 ట్రయల్స్‌ని, మూడున్నర వేల మందికి పైగా జనాన్ని కలిపి 2014లో అమెరికా డాక్టర్లు లెక్క తీస్తే ఆందోళన, దిగులు, నొప్పి ఒక మాదిరిగా తగ్గినట్టు తేలింది. ఒక మాదిరిగా. అద్భుతం అని చెప్పే వాళ్ళని నమ్మొద్దు, ఆ ఒక మాదిరే రాత్రుళ్ళు నిద్రపోని మనిషికి ఎంత పెద్దదో నాకు తెలుసు.

మా అక్కని కొండపి వైపు ఇచ్చారు, పొగాకు వేస్తారు. ఆకుని వేడి పెట్టి ఎండబెట్టే గదిని బ్యారన్ అంటారు. ఆకు బ్యారన్‌లో పెట్టినాక అయిదారు రోజులు రాత్రీ పగలూ వేడి చూసుకుంటా ఉండాలి. ఆమెకి నేను ఇదంతా చెప్తే మొదట నవ్వింది, బ్యారన్ కాడ నిద్రే లేదు, ఇంక యోగానా అని. నేను ఊరుకోకుండా వేడి చూడ్డానికి లేచిన ప్రతిసారీ నాలుగు-ఆరు ఊపిరి పది సార్లు చెయ్యమన్నా, ఇంకేం వద్దు. సీజన్ అయినాక ఆమే ఫోన్ చేసి చెప్పింది, "మేమెప్పుడూ మొదట సన్న వేడే పెడతాం, ఆకు పసుపు తిరగకముందే వేడి పెంచితే పచ్చగానే ఎండిపోతాది, రేటు రాదు. నువ్వు చెప్పేది కూడా అదే కదంటే" అని. నేను మేడం దగ్గర అన్నాళ్ళు నేర్చుకున్నది మా అక్క ఒక్క మాటలో చెప్పేసింది. విడిగా పావుగంట దొరకని వాళ్ళు ఆమె మాదిరిగా ఎట్టాగూ చేసే ఏదో ఒక పనికి ఊపిరిని ముడేసుకోండి, మోటారు వేసినప్పుడు, పాలు పొంగే దాకా పొయ్యి కాడ నిలబడినప్పుడు, స్కూల్ బస్సు కోసం చూసేటప్పుడు.

ఇప్పుడు ఆ మూడు గంటల సంగతి. పడుకునే ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని రేపు చెయ్యాల్సినవి అయిదు నిమిషాలు రాయండి. మేత లోడు, ఫలానా వాళ్ళకి ఫోన్, ఫీజు, ఏదున్నా. చిన్న చిన్నవి కూడా విడివిడిగా రాయండి. రేపటి పనులు ఇట్టా రాసి పడుకున్నవాళ్ళకి, అయిపోయిన పనులు రాసినవాళ్ళ కన్నా సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్ర పట్టిందని 2018లో ఒక అమెరికన్ యూనివర్సిటీ వాళ్ళు యాభై ఏడు మంది మీద చూసి చెప్పారు. మనసు అర్ధరాత్రి లేపేది చాలా వరకు మర్చిపోతామేమో అని, కాగితం మీద పెట్టేస్తే దానికి ఆ పని ఉండదు. నాకు ఇంకో లాభం కూడా కనిపించింది, రాయబోతే కొన్ని దిగుళ్ళకి రాయడానికి పనేం ఉండదు. అమెరికా వాడు సుంకాలు పెంచి రొయ్య రేటు పడిపోయినప్పుడు నేను రాత్రుళ్ళు దాని గురించే ఆలోచించేదాన్ని, నోట్‌బుక్ తీస్తే దాని కింద నేను రేపు చెయ్యగలిగింది ఒక్క ముక్క లేదు. ఆ పేజీ ఖాళీగా చూసినప్పుడు ఏడుపొచ్చింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది.

అయినా మెలకువ వస్తే టైము చూడొద్దు, ఫోన్ ముట్టుకోవద్దు. గుంటలకి అలారం ఫోన్లో పెట్టుకున్నోళ్ళు ఫోన్ మంచం మీద కాకుండా మోగితే వినపడేంత దూరంలో పెట్టుకోండి. వెల్లకిలా తిరిగి చెయ్యి పొట్ట మీద పెట్టి నాలుగు-ఆరు. ఇరవై దాకా లెక్కపెట్టండి. తర్వాత కాలి వేళ్ళ నుంచి నుదుటి దాకా ఒక్కో భాగాన్నీ తలుచుకుంటా రండి, బిగించక్కర్లేదు, ఊరికే తలుచుకోండి, కుడి బొటనవేలు, రెండో వేలు, అట్టా. చాలామందికి మోకాళ్ళు దాటే లోపల నిద్ర పట్టేస్తాది. చాలాసేపటికీ పట్టకపోతే మంచం మీద పొర్లాడొద్దు, లేచి మసక వెలుతురులో కుర్చీలో కూర్చుని భ్రామరి నాలుగు సార్లు చేసి నిద్ర తూగినప్పుడు మళ్ళీ పడుకోండి. సాయంత్రం అయిదు తర్వాత కాఫీ టీ మానెయ్యండి, ఇది చెప్పినంత తేలిక కాదు, నాకు రెండు నెలలు పట్టింది.

ఇదంతా దిగులుకీ, ఊరికే తిరిగే మనసుకీ. రెండు వారాలకి పైగా ఏ పని మీదా ఆశ లేకుండా, తినబుద్ధి కాకుండా, బతకాలని లేకుండా ఉంటే అది చాప మీద తేలే విషయం కాదు, డాక్టర్‌కి చూపించుకోవాలి. టెలీ మానస్ అని గవర్నమెంటు నంబరు ఉంది, 14416, 2022 నుంచి నడుస్తా ఉంది, ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తాది, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. దయచేసి ఈ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి, మీకు కాకపోయినా మీ వీధిలో ఎవరికన్నా పనికొస్తాది, పంట పోయిన ఇళ్ళల్లో మగవాళ్ళు బయటికి చెప్పుకోరు. మాత్రలు వాడేవాళ్ళు యోగా మొదలుపెట్టామని మాత్రలు ఆపొద్దు, రెండూ కలిసి నడవచ్చు.

రోజులు తప్పిపోతాయి. హార్వెస్ట్ రోజు ఎవరికీ కుదరదు, పెళ్ళిళ్ళ సీజన్‌లో కుదరదు, ఇంట్లో జ్వరాలప్పుడు కుదరదు. తప్పిపోయిన రోజు పది ఊపిర్లు చేస్తే ఆ రోజు తప్పినట్టు కాదని మేము మా మేడ మీద మాట పెట్టుకున్నాం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వైపు వానలూ తుఫాన్లూ కదా, మేడ మీద కుదరదు, అప్పుడు మా వరండాలోకి మారతాం. ఏడు చాపలు పట్టవు, అడ్డంగా పరిస్తే ఆరు పడతాయి, ఏడో ఆమె కుర్చీ వేసుకుని గడప దగ్గర కూర్చుంటాది. కరెంటు పోతే దీపం వెలిగించి చేస్తాం, వాన చప్పుడులో భ్రామరి ఎవరిది వాళ్ళకే వినపడతాది.